బయటి గడియ

ఆ వారంలో నాలుగోసారి రమీజా దుప్పటి ఉతుకుతోంది. ఆరేళ్ళ కూతురు వహీదా పక్క తడపడం ఎప్పుడో మానేసింది. భర్త దస్తగిరి బాత్రూం తలుపుకు బయటివైపు గడియ బిగించాక మళ్ళీ మొదలైంది. అరబ్బు దేశంలో, అల్ హిలాల్ పేటలోని ఆ ఫ్లాటు బాత్రూంకు కిటికీ లేదు, లైటు స్విచ్చి కూడా బయటే. పాలు ఒలికినా, లెక్క తప్పినా అతను కూతుర్ని అందులోకి నెట్టి లైటార్పేవాడు. రమీజా అడ్డంపోతే, "మా నాయన నన్ను గింజల కొట్లో ఏసి గడియ పెట్టేవాడు. అందుకే ఈ పొద్దు ఫోర్‌మన్ అయినా. నీ గారాబంతో పాపను చెడగొట్టొద్దు" అనేవాడు. కడప నుంచి ఫోన్లో అత్త హుస్సేన్‌బీ కూడా, "ఆడపిల్లకు ఆమాత్రం బయ్యముండాల్లేమ్మా" అనేది. వండటం, ఉతకడం, నిద్రలో ఉలిక్కిపడే బిడ్డను జోకొట్టడం రమీజా పనులు. బిడ్డనెలా పెంచాలో మాత్రం ఆమెకు తెలీదట.

ఆ శుక్రవారం పొద్దున తడి దుప్పటి చూసి, "నమాజుకు పోయొచ్చినాంక చెప్తా దీని పని" అంటూ దస్తగిరి స్నానానికి వెళ్ళాడు. ఆ మాటకే వహీదా నిలబడ్డచోట గౌను తడుపుకుంది.

రమీజా చేతిలోని దుప్పటి వదిలేసి వెళ్ళి గడియ పెట్టింది. లైటార్పింది.

మొదట తిట్లు. తర్వాత తలుపు మీద గుద్దులు. కాసేపటికి గొంతే మారిపోయింది. "రమీజా, లైటెయ్యే... ఊపిరాడ్డంలేదే."

"ఏడ్సేది ఆపితే తీస్తా" అంది, అతను రోజూ బిడ్డతో అనే మాటే. నలభై ఏళ్ళ మనిషి లోపల వెక్కుతుంటే ఆమెకు జాలి పుట్టలేదు. కడుపు చల్లబడింది. కదలకుండా నిలబడి విన్నది.

వహీదా వచ్చి తలుపుకు చెవి ఆనించింది. భయపడుతుందేమోనని రమీజా దగ్గరికి తీసుకోబోయింది. బిడ్డ నవ్వింది.

"ఇంగ కాసేపు ఉండనీ మా. బాగా ఏడ్సనీ."

పెదవి ఒక పక్కకు లాగి నవ్వే ఆ నవ్వు అచ్చం దస్తగిరిది. రమీజా బిడ్డను తలుపు దగ్గర్నుంచి పక్కకు జరిపింది. గబుక్కున గడియ తీసింది.

దస్తగిరి సబ్బు నురుగుతో, వణుకుతూ బయటికొచ్చాడు. చెయ్యెత్తాడు గానీ మళ్ళీ దించేశాడు. "నిన్ను ఊరికి తోలేస్తా సూడు" అన్నాడు.

"తోలు. ఇద్దరికీ టికెట్లు తియ్యి" అంది రమీజా, బిడ్డను ఎత్తుకుంటూ. "నీ మీద జాలితో తలుపు తీసినా అనుకోవాక. ఇంకాసేపు ఆగింటే నా పాప కూడా నీ మాదిరే అయ్యేది."