రాగి మరక

ఈసారి కూడా కణాలు చావలేదు.

పళ్లెం గుంటల్లో అడుగున అతుక్కుని హాయిగా పెరుగుతున్నాయి. కణాల అక్క మైక్రోస్కోపు మీంచి తలెత్తి చేతి తొడుగులు లాగేసింది. క్యాన్సర్ కణాలకు వేళకింత ఆహారం పోసి పెంచడం ఆమె ఉద్యోగం. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

"నీ మందు తాగి నా పిల్లలు ఇంకాస్త ఒళ్లు చేశారే," అంది.

పిచ్చుక నవ్వలేదు. బక్కపల్చగా ఉంటుందని అందరూ అలా పిలిచే ఆ పరిశోధక విద్యార్థిని ఆరేళ్లుగా ఈ మందు తయారీలోనే ఉంది. రెండు అణువులను రాగి సాయంతో అతికించాలి, అతుక్కున్నాక రాగిని కడిగెయ్యాలి. మొదట్లో చేసిన పొడి కాస్త నీలంగా ఉండేది. అది వేస్తే కణాలు మాడిపోయాయి. ప్రొఫెసరు ఆ సీసా పట్టుకుని సభలన్నీ తిరిగాడు. తర్వాత పిచ్చుక ఇంకా శుభ్రంగా కడిగింది. పొడి తెల్లబడింది. తెల్లబడిన కొద్దీ చంపడం మానేసింది. అనుమానమొచ్చి, మందన్నదే లేకుండా ఉత్త రాగి ఉప్పు వేసి చూసింది. తెల్లారేసరికి రోగపు కణాలూ చచ్చాయి, పక్క పళ్లెంలో ఏ రోగమూ లేని కణాలూ చచ్చాయి.

చంపింది రాగి. పేరు మందుది.

ఆ మాట పొద్దున్నే ప్రొఫెసరుకు చెప్పింది. ఆయన తలుపు దగ్గరగా వేసి మెత్తగా మాట్లాడాడు. మధ్యాహ్నం మందుల కంపెనీ వాళ్లొస్తున్నారు, వాళ్ల కళ్లముందు ఆ నీలం పొడి సీసాలోదే వెయ్యాలి. రేపొచ్చి చచ్చిన కణాల్ని చూసుకుంటారు. ఆపైన మనుషుల మీద పరీక్షలు వాళ్ల తలనొప్పి. రాగి సంగతి తీరిగ్గా చూద్దామన్నాడు. థీసిస్ బల్ల మీదే ఉంది, సంతకమెంతసేపు అని కూడా అన్నాడు.

ఆ సంతకం కోసం ఆయన ల్యాబులో విద్యార్థులు చేయని చాకిరీ లేదు. ఆయన ఇంటికి గ్యాస్ బండలు మోశారు. ఆయన కూతుర్ని ట్యూషన్‌కి దింపారు. ఎవరైనా పెద్దలొచ్చినప్పుడు ఆయన మందు చుక్కలు కొలిచి వేసే పిపెట్టు పట్టుకుంటే, దాని మొనకు ప్లాస్టిక్ టిప్ తొడిగి చేతికివ్వడం కూడా శిష్యుల వంతే. దాన్ని మర్యాద అనేవారు. చదువుకున్నవాళ్లు బానిసత్వానికి పెట్టుకున్న ముద్దుపేరు అది. ఇంతకుముందొకడు ఒక్క ప్రశ్న అడిగాడు. ఇప్పుడు మందుల షాపులో మాత్రలు కత్తిరించి ఇస్తున్నాడు.

పిచ్చుక తల్లికి ఫోన్ చేసింది. తల్లి బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. మిషన్ల హోరులో ఆమె అడిగింది ఒకటే: సంతకం అయిందా? లేదంది పిచ్చుక.

"ఆయనతో పేచీ పెట్టుకోకు తల్లీ. ఏరు దాటేదాకా ఓడమల్లయ్యే."

కంపెనీ వాళ్లు ఇద్దరొచ్చారు. ప్రొఫెసరు వాళ్లను కణాల గదిలో నిలబెట్టి మందు గొప్పలన్నీ చెప్పి, పిచ్చుక వైపు తిరిగి కానివ్వమన్నాడు. ఆమె బల్ల మీద రెండు సీసాలు పెట్టింది.

"రెండూ పక్కపక్కన వేద్దాం సార్. ఒక్కటే అయితే నేను వెయ్యను."

వచ్చినవాళ్లలో పొడుగాయన వంగి చూశాడు. "ఆ రెండోదేంటమ్మా?"

ప్రొఫెసరు అడ్డొచ్చి నవ్వాడు. పాపం, పిల్లకి నిద్రల్లేవన్నాడు. పిపెట్టు తనే అందుకుని ఆమె ముందుకు చాచాడు.

"టిప్ తొడుగు," అన్నాడు, నవ్వు చెదరకుండా.

ఆమె చేతులు వెనక్కి కట్టుకుంది. ఆయన కణాల అక్క వైపు చూశాడు. అక్క పళ్లెం తన దగ్గరకు లాక్కుని మూత పెట్టింది. గోడవారగా నిలబడ్డ మిగతా శిష్యులు తమ చెప్పుల్ని చూసుకుంటున్నారు.

ఇక ఆయనే పెట్టెలోంచి టిప్ తీశాడు. ఆ పని తన చేత్తో చేసి ఎన్నేళ్లయిందో. మొనకు ఆనించబోతే జారి నేల మీద పడింది. ఇంకొకటి తీశాడు. అదీ పడింది. గదిలో ఎవరూ వంగలేదు.

పొడుగాయన ఇంకా రెండో సీసానే చూస్తున్నాడు.

"అది ఉత్త రాగండి," అంది పిచ్చుక.