షబ్రీన్ ఎంచిన ప్లయర్

పలమనేరు దగ్గర ధనంజయ తోట చూడవచ్చినవాళ్లు నాలుగు చక్రాల ఏటీవీ ఎక్కి టమాటా చేల మధ్య తిరుగుతారు. గ్రీజు కారకుండా ఆ బండి ఇరుసు కీళ్లకు తొడిగిన రబ్బరు బూట్లు చినిగితే, మెకానిక్ ఇమాంసాహెబ్, ఆయన కూతురు షబ్రీన్ కొత్తవి వేశారు. బూట్లను బిగించే ఇనుప పట్టీలను ఇమాంసాహెబ్ మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కాడు. రెండో రోజుకే ఒక పట్టీ తెగింది, ఇంకొకటి జారింది. చక్రం లోపలంతా గ్రీజు చిమ్మింది.

ధనంజయ మళ్లీ కబురు పెట్టాల్సి వచ్చింది. ఇమాంసాహెబ్‌కు అదే కష్టంగా తోచింది.

"దీనికని వేరే ప్లయర్ ఉండాది నాయనా. తిరుపతికి పోదాం" అంది షబ్రీన్.

"ముప్పై ఏండ్లు దేంతో చేసినాను నేను?" అని గొణిగినా, మరునాడు ఆమెతో బస్సెక్కాడు.

తిరుపతిలో పనిముట్ల అంగడి పంకజాక్షిది. షబ్రీన్ గుడ్డలో చుట్టి తెచ్చిన పట్టీని ఆమె తిప్పి చూసింది.

"సెవి మాదిరి లేచిండాదే, దీన్ని రెండు పక్కలా సమంగా నొక్కాల" అంటూ రెండు ప్లయర్లు ముందు పెట్టింది.

ఇమాంసాహెబ్ పొడుగు పిడిది అందుకున్నాడు. షబ్రీన్ చిన్నది చూపించింది.

"చక్రం సందులో అంత పిడి తిరగదు నాయనా. దీని ముక్కు పక్కనుంచి కూడా పడతాది."

ఆయన చిన్నది చేతికి తీసుకుని, పొడుగుది కింద పెట్టేశాడు.

తర్వాత షబ్రీన్, నట్టును కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచి అడిగింది. "ఇరుసు నట్టు ఎంత బిగించాల్నో నా చేతికి తెలీదా?" అన్నాడాయన. పంకజాక్షి బల్లమీది పట్టుడు వైసులో ఒక బోల్టు బిగించి రెంచి ఆయన చేతికిచ్చింది. ఆయన తిప్పాడు. బోల్టు తగినంత బిగియగానే రెంచి టక్కుమంది. వదులు చేసి మళ్లీ తిప్పాడు.

"సాలు అని అదే సెప్తా ఉండాది సూడు!" అంటూ తానే దాన్ని సంచిలో వేసుకున్నాడు.

తెల్లారి తోటలో పాత గ్రీజు తుడిచి, కొత్తది నింపారు. కొత్త పట్టీల్లో మొదటిదాన్ని షబ్రీన్ నొక్కింది. వంకర లేకుండా కూర్చుంది.

"ఇయ్యమ్మా, నేనూ ఒకటి నొక్కతా" అన్నాడు ఇమాంసాహెబ్. మిగిలిన మూడూ ఆయనే నొక్కాడు. ఇరుసు నట్టును రెంచి టక్కుమనేదాకా బిగించాడు.

వారం తర్వాత ధనంజయ ఫోన్ చేశాడు. "అన్నా, చుక్క గ్రీజు కూడా కారలేదు. మా బావమరిదికీ ఇట్లాంటి బండే ఉండాది. పంపించేదా?"

"పంపించప్పా" అన్నాడు ఇమాంసాహెబ్. "మా షబ్రీన్ చూసుకుంటాది. నేను పక్కన ఉంటాను."