సగం సైజు న్యూట్రల్

మేస్త్రికి ముక్కు మీద కోపం, కరెంటు తిరిగెళ్ళే న్యూట్రల్ తీగంటే చిన్నచూపు. ముప్పై ఏళ్ళుగా ఏ భవనంలో వైరింగ్ చేసినా కరెంటు తెచ్చే మూడు ఫేజులకూ లావు కేబుళ్ళు వేసేవాడు, న్యూట్రల్‌కి మాత్రం అందులో సగం సైజు. "లోడు మూడు ఫేజులకీ సమానంగా పంచాక దానికింక పనేముంది? పెళ్ళింట్లో దూరపు చుట్టంలా కూర్చోవడమే" అనేవాడు. హీటర్లూ మోటార్లూ ఉన్నన్నాళ్ళు ఆ మాట నిజమే, ఆయన్ని తప్పుపట్టడానికి లేదు.

పని అప్పగించే రోజున ఆయనకో అలవాటు. లోడంతా వేయించి, బోర్డు తలుపు తెరిచి, కుడి చేత్తో పెన్ను పట్టుకుని, ఎడమ అరచెయ్యి న్యూట్రల్ కేబుల్ మీద ఆనించేవాడు. "చూశారా, మంచులా ఉంది" అని నిలబడ్డపాటునే పని పూర్తయిందన్న కాగితం మీద సంతకం గీకేసేవాడు. తొమ్మిదేళ్ళుగా పక్కనే పనిచేస్తున్న కూతురికి ఆ సంతకం ఒక్కసారీ దక్కలేదు. లైసెన్సు ఆమెకూ ఉంది. "నీకింకా టైముందే" అనేవాడు. ఆమెకు ముప్పై నాలుగు.

ఈసారి పని నూట ఇరవై కంప్యూటర్ల పరీక్షా కేంద్రంలో. సోమవారమే పరీక్ష. గురువారం కంప్యూటర్లన్నీ వేసి కూతురు, కేబుల్ చుట్టూ బిగించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టి చూసింది.

"నాన్నా, ఫేజుకి అరవై ఆంపియర్లు. న్యూట్రల్‌లో తొంభై."

"నీ మీటరుకి మతి పోయింది."

"మీటరు బాగానే ఉంది. కంప్యూటర్లు కరెంటుని ధారగా తాగవు, గుక్కలు గుక్కలుగా లాగుతాయి. మామూలు కరెంటైతే మూడు ఫేజులదీ న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఈ గుక్కల వల్ల పుట్టే హార్మోనిక్స్, అంటే అదనపు అలలు, కొట్టేసుకోవు, ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చుంటాయి. న్యూట్రల్ ఫేజు కన్నా లావుండాలి. నువ్వేసిన సగం సైజుది వేడెక్కి అంటుకుంటుంది."

"నాకే చెప్పొచ్చావా!"

మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ ఆయన చెవిన పెట్టలేదు. ఆమెకు ఒళ్ళు మండింది. ఆ బోర్డుని ఆనుకున్న గదిలోనే సోమవారం నూట ఇరవై మంది పిల్లలు కూర్చుంటారు.

"రేపు నువ్వు సంతకం పెడితే ఈ కేంద్రం మేడమ్‌కి అంతా చెప్పేస్తాను."

"నలుగురిలో నా పరువు తీస్తావా?"

"తీస్తాను."

మేస్త్రి ఆ పూట అన్నం మానేశాడు. ఎవరూ బతిమాలలేదు.

శుక్రవారం కంప్యూటర్లన్నీ రెండు గంటలు నడిచాయి. కేంద్రం నడిపే మేడమ్ కాగితం పట్టుకుని వచ్చింది. మేస్త్రి తలుపు తెరిచి, పెన్ను తీసి, ఎడమ అరచెయ్యి ఆనించాడు.

ఆనించి, తీయలేదు. ఇంకొకరైతే ఠక్కున లాగేసుకుందురు. ఈయనకు ముప్పై ఏళ్ళ పేరుంది, పక్కన కూతురుంది. మొహం మామూలుగానే ఉంది, కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి.

"మంచులా ఉంటుందట కదండీ?" అంది మేడమ్. ఆయన ఖ్యాతి ఆమె దాకా వచ్చింది.

కూతురు నోరు తెరవబోయింది. ఆయనే ముందు అన్నాడు. "కాలిపోతోందమ్మా. మా అమ్మాయి చెప్పింది, నేనే వినలేదు." కూతురి వైపు తిరిగాడు. "స్విచ్చి ఆపెయ్యి తల్లీ."

అప్పుడు తీశాడు చెయ్యి. అరచెయ్యి ఎర్రగా కమిలిపోయింది. కూతురు పంపు కింద పెట్టి పట్టుకుంది. మణికట్టు దగ్గర ఆయన నాడి గబగబా కొట్టుకుంటోంది. పాపం నాన్న అనిపించి, ఏడుపొచ్చి, మొహం తిప్పుకుంది.

శని, ఆదివారాలు తండ్రీకూతుళ్ళు కూర్చుని ఫేజుకి రెట్టింపు సైజు న్యూట్రల్ లాగారు. ఆదివారం సాయంత్రం కంప్యూటర్లన్నీ రెండు గంటలు నడిపి, కూతురు మీటరు పెట్టి, న్యూట్రల్‌లో అదే తొంభై ఉన్నా కొత్త కేబుల్ వేడెక్కలేదని మేడమ్‌కి చూపించింది. మేడమ్ అలవాటుగా కాగితం మేస్త్రి ముందుకు చాపింది.

మేస్త్రి తీసుకోలేదు. కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి చూపించాడు.

"ఈ చేత్తో సంతకం చేయలేనండీ. ఇకనుంచి మా అమ్మాయే పెడుతుంది."

"అయ్యో, అవును కదా" అంది మేడమ్.

కట్టు ఉన్నది ఎడమ చేతికి. కూతురు దాని వంక ఒకసారి, తండ్రి చొక్కా జేబులోని పెన్ను వంక ఒకసారి చూసింది. ఆ పెన్నే తీసుకుని సంతకం పెట్టింది.