నైరుతిలో బోల్టు

రాజోలు దగ్గర వెంకటరాజుగారి రైసుమిల్లులో కంప్రెసరు మొరాయించి పద్నాలుగు రోజులయింది. ఈలోగా ఒక మెకానిక్కు బెల్టు మార్చాడు, మరొకడు స్విచ్చి మార్చాడు, సిద్ధాంతిగారు దాని మెడలో నిమ్మకాయల దండ మార్చారు. మూడు వైద్యాలూ సమానంగా పనిచేశాయి. చివరికి, కాగితం మిల్లులో ముప్పై ఏళ్లు కంప్రెసర్లతోనే కాపురం చేసి రిటైరైన దానియేలుకు కబురు వెళ్లింది. మొక్కులన్నీ అయ్యాకే మనుషులకు బుర్ర గుర్తుకొస్తుందన్నది ఆయనకు పాత అనుభవమే.

"మిషన్లో లోపం లేదండి, దానియేలు గారూ," అని గుమ్మంలోనే మొదలుపెట్టారు రాజుగారు. "మనిషిలో ఉందండి. నెలా పదిరోజుల కిందట ఈ వీరలక్ష్మిని మిషన్ దగ్గర పన్లో పెట్టుకున్నామండి. మొగుడు పోయిన మనిషి, వద్దల్లుడుగారూ అని మా అత్తగారు మొత్తుకుంటూనే ఉన్నారు. రేపట్నించి రావద్దని చెప్పేసేనండి."

నోటుబుక్కు పట్టుకుని యంత్రం పక్కన నిలబడ్డ వీరలక్ష్మి తల దించుకుంది.

"అయితే ఇంక నేనెందుకండీ? రేపు పొద్దుటికి దానంతటదే బాగుపడిపోతుంది కదా," అన్నాడు దానియేలు.

నవ్వాలో వద్దో రాజుగారికి తేలలేదు.

ఆ మిల్లులో బియ్యంలోని నల్ల గింజలను గాలి ఊది ఎగరగొట్టే యంత్రం ఒకటి ఉంది. గాలి కంప్రెసరుదే. ఇప్పుడు ఆ గాలి వెంట నీళ్లు చిమ్ముతున్నాయి. ఒక నల్ల గింజకు పది తెల్ల గింజలు తోడుపోతున్నాయి. కంప్రెసరు మోటారేమో ఆగిన నిమిషన్నరకే మళ్లీ రొప్పుతూ లేస్తోంది.

దానియేలు స్పానరు తీసి ట్యాంకును పైనుంచి కిందికి తట్టుకుంటూ వచ్చాడు. పైన ఖంగుమంది. జానెడు దిగేసరికి మొద్దుబారిపోయింది. కొబ్బరికాయ తట్టి లోపల నీళ్లెన్నో చెప్పే మనుషుల మధ్య, ఇంత పెద్ద కాయను తట్టి చూసినవాడు ఒక్కడూ లేకపోయాడు!

"నీళ్లు వదిలే వాల్వేదమ్మా?"

"అడుగున ఉండేదండి. రోజూ సాయంత్రం తిప్పి వదిలేదాన్ని. తీసేసి బోల్టు బిగించేరండి."

"ఎవరు?"

వీరలక్ష్మి రాజుగారి వైపు చూసింది. రాజుగారు గొంతు సవరించుకున్నారు.

"నైరుతి మూలండి అది. నైరుతిలో నీళ్లు పడితే యజమానికి అరిష్టమని సిద్ధాంతిగారు..."

వంగి చూశాడు దానియేలు. బోల్టుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు కూడా పెట్టారు.

"గాలిలో తడి ఉంటుందండి, రాజుగారూ. మన కోనసీమ గాలిలో మరీను. దాన్ని నొక్కి ట్యాంకులో కుక్కితే తడి నీరవుతుంది. వదలకపోతే నిండుతుంది. నీళ్లు నిండాక గాలికి చోటెక్కడండీ? ఉన్న కాస్త గాలీ చిటికెలో అయిపోతే మోటారు మళ్లీ లేవాల్సిందే. ఇది ఎనిమిదో తరగతి పాఠం. మీ సిద్ధాంతిగారు ఆ పూట బడికెళ్లినట్టు లేరు."

"ఈవిడొచ్చేకే కదండీ మొదలైంది?"

దానియేలు చెయ్యి చాచి నోటుబుక్కు తీసుకున్నాడు. మోటారు ఆగినప్పటినుంచి మళ్లీ లేచేదాకా ఎన్ని నిమిషాలో, రోజుకొక వరుస చొప్పున గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది. మొదటి పద్దెనిమిది రోజులూ ఆరు నిమిషాలే. పంతొమ్మిదో రోజున "బోల్టు బిగించారు" అని ఉంది. తర్వాత ఐదున్నర, ఐదు, నాలుగు... నిన్నటికి ఒకటిన్నర.

"ఇది చూసేరా?"

"ఆడవాళ్ల రాతలని..." రాజుగారు ఆగిపోయారు.

"చూపించేనండి," అంది వీరలక్ష్మి, మెల్లగా. "నాలుగుసార్లు చూపించేను."

దానియేలు మోటారు ఆపించి, ట్యాంకులోని గాలినంతా వదిలించి, ప్రెషరు మీటరు ముల్లు సున్నాకు దిగాకనే బోల్టు విప్పాడు. తుప్పు కలిసిన ఎర్రనీరు దూకి రాజుగారి తెల్లపంచె అంచును తడిపింది. బకెట్లు ఇరవై నాలుగు నిండాయి. వాల్వు తిరిగి బిగించి నడిపిస్తే, మోటారు ఆగి ఆరు నిమిషాలు హాయిగా పడుకుంది.

రాజుగారి ముఖం వెలిగింది. "చూసేరా! దోషం నీళ్లలోనే ఉందని సిద్ధాంతిగారు ముందే కనిపెట్టేరండి!"

ముప్పై ఏళ్లలో దానియేలు బాగుచెయ్యలేనిది ఇదొక్కటే. ఆయన స్పానరును సంచిలో వేసుకున్నాడు.

"ఆయన కీర్తి ఆయన్నే ఉంచుకోమనండి. ఈ పుస్తకం రాసిన మనిషిని పంపించేస్తే మాత్రం, ఈసారి నాకు కబురెట్టకండి. నిమ్మకాయలకి పెట్టండి."

మోటారు రెండోసారి ఆగింది. రాజుగారు ఆ ఆరు నిమిషాల నిశ్శబ్దాన్నీ విన్నారు. అత్తగారు గుర్తొచ్చారు. మోటారు మళ్లీ లేచింది, రొప్పు లేకుండా.

"ఆయ్... ఉండనిద్దాం లెండి. కానీ ఆ నీళ్లు ఈశాన్యంలో పడేలా గొట్టం వెయ్యొచ్చా అండీ?"

"వెయ్యొచ్చండి. నీరు పల్లమెరుగు. మీకు కావలసిన దిక్కుకే వాలు పెడతాను."

వీరలక్ష్మి నోటుబుక్కు తెరిచింది. విరామం: ఆరు. రాజుగారు ఆమె భుజం మీదుగా తొంగిచూశారు. "కారణం దగ్గర దిక్కు మార్చేమని రాయమ్మా."

ఆమె ఒక్క క్షణం కలం ఆపింది. తర్వాత అవే గుండ్రటి అక్షరాల్లో రాసింది: బోల్టు తీశాం.