పొలిమేర దాటిన దొరసానమ్మ

రొంపిచెర్ల పక్కన ఆ ఊళ్ళో పొద్దున్నే పాలవాడి బండి వస్తుంది, దాని వెనకే దొరసానమ్మ వస్తుంది. ఆమె పోయి నూరేళ్ళు దాటింది. అయితే ఏంది, పని మానుకోలేదు. నేలమీద జీరాడే గౌనుతో, నల్ల గొడుగుతో ఇంటింటి ముందూ నిలబడి తను కట్టిన పాటే పాడుతుంది: "లేవే పిల్లా, తెల్లారింది. పొయ్యి ఆగుద్ది, బడి ఆగదు." వాకిళ్ళు ఊడ్చే ఆడోళ్ళు ఆమె గౌనుకి దుమ్ము తగలకుండా కాస్త పక్కకి జరుగుతారు.

విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో ఆమె పద్యాలు చదవని ఇల్లు లేదంట. ఆ పుస్తకాల మీద వచ్చిందంతా తెచ్చి ఇక్కడ ఆడపిల్లల బడి కట్టించింది, మంచినీళ్ళ బావి తవ్వించింది. అక్కడ ఇప్పుడు ఆమెని ఎవరు తలుచుకుంటున్నారో ఏమో గానీ, ఇక్కడ మిరపకాయలు కోసేవాళ్ళ నోటా ఆమె పాటే, ఉయ్యాల ఊపేవాళ్ళ నోటా ఆమె పాటే. ఎలక్షన్లొస్తే రెండు పార్టీల ఫ్లెక్సీల మీదా ఆమె బొమ్మే.

ఒక్కటే లోటు. ఊరి పొలిమేర రాయి దాటి ఆమె ఎన్నడూ అడుగు పెట్టలేదు. ఆ బడేమో టెన్తు దాకానే. ఆపైన చదవాలంటే నరసరావుపేట పోవాలి.

మోటార్లు వైండింగు చేసే అబ్దుల్ రహీమ్ కూతురు నజీమా టెన్తులో మండలం ఫస్టు. కాలేజీకి పోతానని పట్టుబట్టింది. ఈ ఊరి ఆడపిల్ల ఒంటరిగా బస్సెక్కి చదువుకి పోయింది లేదు, ఎట్లా పంపేదని రహీమ్ భయం. భార్య మాబున్నీసా పిల్లని పంపమని అన్నం మానేసి మరీ పోరింది. ఆయన విసిగిపోయి, టీ కొట్టు దగ్గర అందరూ వింటుండగా అనేశాడు: "దొరసానమ్మ తోడొస్తే పంపుతా, పో."

ఆమె రాయి దాటదని ఆయన ధీమా. పల్నాడులో నలుగురి ముందూ అన్న మాట వెనక్కి తీసుకోవడం చానా కష్టమని ఆ క్షణాన గుర్తు రాలేదు పాపం.

కాలేజీ తెరిచిన రోజు పొద్దున, పొలిమేర రాయికి అవతల, బస్టాపులో నల్ల గొడుగు కనపడింది. టీ కొట్టు కొట్టంతా రహీమ్ వంకే చూసింది. ఆయన కూతురి సంచి తీసుకెళ్ళి బస్సులో పెట్టాడు.

ఆడోళ్ళకి టికెట్టు లేదు గానీ ఆధార్ చూపించాలంది కండక్టరు హన్నమ్మ. దొరసానమ్మ గౌను జేబులు తడుముకుంది. హన్నమ్మ ఆమె మొహం చూసి, మా అమ్మమ్మ చదివింది నీ బళ్ళోనే తల్లీ అని కిటికీ పక్క సీటు ఇప్పించింది.

సాయంత్రం నజీమా ఒక్కతే దిగింది, చేతిలో ఆ గొడుగుతో.

"దొరసానమ్మ ఏదే?" అన్నాడు రహీమ్.

"ఇంక రాదంట అబ్బాజాన్. అవతల ఊళ్ళల్లో పిల్లలు ఇంకా నిద్ర లేవలేదంట. మన ఊళ్ళో పిలవడానికి నువ్వున్నావంది. ఈ గొడుగు నీకిమ్మంది."

రహీమ్ గొడుగు అందుకున్నాడు. రేపటినుంచి పిల్లకి తోడెవరు? గొడుగుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మాబున్నీసా టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది.

మర్నాడు పాలవాడి బండి వెనక రహీమ్ వచ్చాడు. టెన్తు పాసయి ఇంట్లో కూర్చున్న హరిత వాళ్ళ వాకిట్లో ఆగి, గొడుగు విప్పి, గొంతు సవరించుకుని, శ్రుతీ లయా లేకుండా మొదలుపెట్టాడు: "లేవే పిల్లా, తెల్లారింది..."

హరిత తండ్రి పుల్లయ్య కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చాడు.

"మా నజీమా కాలేజీకి పోతోంది. మీ హరితనీ పంపు పుల్లయ్యన్నా. ఒకరికొకరు తోడుంటారు."

పుల్లయ్య ఆ గొడుగు వంక చూశాడు. వాకిలి ఊడుస్తున్న అతని భార్య పిచ్చమ్మ అప్పటికే రహీమ్ మీద దుమ్ము పడకుండా పక్కకి జరిగింది.

"ఏమే, చీపురు అవతల పెట్టు" అన్నాడు పుల్లయ్య. "పిల్లకి క్యారేజీ కట్టు."