శుక్రవారం కషాయం

మా ఆడపడుచు సంపూర్ణమ్మది నరసాపురంలో మా పక్కిల్లే. పదేళ్లుగా షుగరు మాత్రలు మింగుతోంది. ఈ ఏడు ఈస్టరుకు ముందు శ్రమదినాలు మొదలైన వారమే, మా చర్చి స్త్రీల సమాజం నడిపే సత్యకుమారిగారు ఆమెకు పొడపత్రి ఆకు పొడి ప్యాకెట్టు ఇచ్చారు. టీలా కాచుకుని తాగితే షుగరు దిగుతుందట.

ప్యాకెట్టు వెనక సన్నటి అక్షరాలు కూడబలుక్కుని చదివాను. షుగరు మందులు వాడేవారు డాక్టరుని అడగకుండా తాగవద్దని ఉంది.

"నిన్నగాక మొన్న అక్షరాలు దిద్ది, అప్పుడే డాక్టరమ్మవైపోయావా వదినా? ఆకే కదా, ఏం చేస్తుంది?" అంది.

"పని చేస్తుందనేగా తాగుతున్నావు! చేసేదైతే ఎక్కువ కూడా చేస్తుంది."

నవ్వేసింది. నాకు ఒళ్లు మండింది.

శ్రమదినాల్లో శుక్రవారాలు ఆమెకు సాయంత్రం ఆరింటి దాకా ఉపవాసం. మెతుకు ముట్టదు. మాత్ర మాత్రం మానదు, కషాయమూ మానదు. మందుకు ఉపవాసం అడ్డు కాదని ఆమె నమ్మకం. "ఆ కషాయం మానెయ్యి, ఉపవాసం సంగతి డాక్టరు గారిని అడుగు," అని మూడు వారాలు మొత్తుకున్నాను.

"సైతానులా శోధించకు వదినా," అనేది.

నాలుగో శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన కూడిక వాళ్లింట్లోనే. మోకాళ్ల మీద ప్రార్థిస్తున్న సంపూర్ణమ్మకు చేతులు వణకసాగాయి. జాకెట్టు చెమటతో తడిసిపోయింది. మాట ముద్దముద్దగా వస్తోంది. పరిశుద్ధాత్మ తాకిందనుకుని చుట్టూ ఉన్నవాళ్లు గొంతు పెంచి పాట ఎత్తుకున్నారు.

"ఆపండమ్మా! షుగరు పడిపోయింది!" అని అరిచాను.

"ప్రార్థన మధ్యలో ఏంటండీ ఆ కేకలు?" అన్నారు సత్యకుమారిగారు.

వంటింట్లోకి పరుగెత్తి పంచదార నీళ్లు కలిపి తెచ్చాను. సంపూర్ణమ్మ పళ్లు బిగించింది.

"ఆరింటి దాకా... ఉపవాసం..."

"దేవుడేం గడియారం చూస్తూ కూర్చోడు, తాగవే!" అని గదమాయించి గుక్క గుక్కగా పట్టించాను. కాస్త తేరుకోగానే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను.

"మాత్రలు కాక ఇంకేమైనా వాడుతున్నారా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఏమీ లేదండి," అంది సంపూర్ణమ్మ. ఇంత జరిగాక కూడా!

"అబద్ధమండి," అని మొత్తం చెప్పేశాను.

డాక్టరమ్మ రాయడం ఆపింది. "ఆకూ మాత్రా రెండూ షుగరును దించేవే. పైగా ఖాళీ కడుపు. ఈవిడ చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? ఆ పొడి ఆపండి. ఉపవాసం ఉండాలంటే ముందు నన్ను అడగండి."

ఇంటికి రాగానే సంపూర్ణమ్మ గుమ్మం దగ్గర ఆగి, "పరాయివాళ్ల ముందు నన్ను అబద్ధాలకోరును చేశావు," అని తలుపు వేసుకుంది. ఆ తర్వాత నాతో మాట లేదు.

నిన్న మళ్లీ శుక్రవారం. పొద్దున్నే వీధి అరుగు మీద, సరిగ్గా నాకు కనపడేలా కూర్చుని, ఇడ్లీ తింటోంది. నన్ను చూసి మూతి తిప్పుకుంది.

తిప్పుకోనీ.