బేబి కొన్న జపాన్ గిటార్

బేబి పొద్దున్నే లేచి ముందు నీళ్ళబిందె మూత తుడుస్తుంది. తర్వాత పొయ్యిగట్టు, ఆ తర్వాత మంచాలు, చివరికి బైబిలు. ఇవన్నీ అయ్యేసరికి బిందె మూత మీద మళ్ళీ బూడిదరంగు పొర చేరి ఉంటుంది. జగ్గయ్యపేట శివారులో రాళ్ళ క్రషర్‌ని ఆనుకుని ఉన్న ఆ కాలనీలో ఆడవాళ్ళందరి పనీ ఇదే. ఆరేసిన చీరయినా, చర్చి మెట్టయినా, కరివేపాకు రెబ్బయినా మధ్యాహ్నానికల్లా ఒకే రంగులోకి వచ్చేస్తాయి.

బేబి భర్త డేవిడ్‌రాజు ఆ క్రషర్‌లోనే వయసంతా పనిచేశాడు. ఊపిరి అందక మానేశాడు. ఇప్పుడు అరుగు మీద దిండుకి ఆనుకుని కూర్చునే ఉంటాడు. పడుకుంటే దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. హైదరాబాదు తీసుకెళ్ళినా లాభం లేదని డాక్టరు తేల్చేశాడు.

బేబికి యాభై దాటాయి. బళ్ళో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వండుతుంది. ఆమెకి చిన్నప్పటి నుంచీ కరెంటు గిటారంటే పిచ్చి. ఎప్పుడో నందిగామ సువార్త సభల్లో ఒకాయన భుజాన వేసుకుని వాయిస్తుంటే చూసింది. అప్పుడు అడిగితే ఆడపిల్లకి గిటారేంటన్నారు. పెళ్ళయ్యాక అడిగితే ఇల్లాలికి గిటారేంటన్నారు. ఇప్పుడడిగితే ముసల్దానికి గిటారేంటంటారు. ఎప్పుడైనా అనేది అదే మాటయినప్పుడు ఇంకెందుకు ఆగడం అనుకుంది. చర్చి వాట్సాప్ గ్రూపులో పాత గిటార్ ఫొటో ఒకటి కనపడగానే చిట్టీ పాడుకుని, డబ్బు కొంగున ముడేసుకుని నందిగామ బస్సెక్కింది.

అమ్మేవాడి పేరు రూబెన్. ఒకప్పుడు ఆర్కెస్ట్రాల్లో వాయించినవాడు. వేళ్ళు కొయ్యబారిపోయి ఇక వాయించలేక అమ్మకానికి పెట్టాడు. బస్టాండు వెనక సందులో అతనిల్లు. బేబి వెళ్ళేసరికే విజయవాడ నుంచి క్రాంతికుమార్ అనే కుర్రాడు కారులో వచ్చి, గిటార్‌ని ఒళ్ళో బోర్లా పడుకోబెట్టుకుని సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీస్తున్నాడు. వెనక చిన్న ఇనప రేకు మీద జపాన్‌లో తయారైందని రాసుంది. గిటార్ మధ్యలో పండిన మామిడిపండు రంగు, అంచులకి పోయేకొద్దీ ఎరుపు, చివర నలుపు.

"డెబ్బైల్లో చేసిన పీసు అంకుల్. మా హాల్లో గోడకి తగిలిస్తే అదిరిపోద్ది," అన్నాడు క్రాంతికుమార్.

రూబెన్ బేబి వైపు చూశాడు. "మీరేం చేస్తారమ్మా?"

"వాయిస్తానండి."

"వచ్చా?"

"రాదు. దాన్నీ నన్నూ ఒకచోట పెడితే అదే వస్తుంది."

రూబెన్ నవ్వలేదు. ఇద్దరికీ కలిపి చెప్పాడు. "లోపాలు ముందే చెప్తున్నా. తర్వాత నన్నడగొద్దు. ఈ నాబ్ దీనిది కాదు, పాత రేడియోది పెట్టా. స్విచ్ తిప్పితే గరగరమంటది. మూడో తీగ తొందరగా వదులైపోద్ది. ఇంకోటి, ఇది మోగితే దుమ్ము నిలవదు. ఎక్కణ్ణించి వచ్చిందో అక్కడికే పోద్ది. పక్కన పిండిమరాయనకీ నాకూ దీనివల్లే మాటల్లేవు. ఆడించిన పిండి మళ్ళీ జొన్నలైపోతుందని ఆయన గోల."

"నాబ్ ఒరిజినల్ కాకపోతే రేటు తగ్గిస్తారా మరి?" అన్నాడు క్రాంతికుమార్.

బేబి మాత్రం ముడి విప్పి డబ్బు బల్ల మీద పెట్టేసింది.

"ఆంటీ, నేను ఎక్కువిస్తా. మీకెందుకిది?" అన్నాడా కుర్రాడు.

"గోడకి తగిలించడానికైతే కేలెండరు కొనుక్కో బాబూ," అంది బేబి.

రూబెన్ గిటార్‌ని అతని ఒళ్ళోంచి తీసి బేబి చేతికిచ్చాడు. ఒక చిన్న ఆంప్లిఫయర్ ఊరికే ఇచ్చాడు. సాయంత్రందాకా కూర్చోబెట్టి వేళ్ళు ఎక్కడ పెట్టాలో నాలుగు పట్లు చూపించి పంపాడు.

చర్చి పెద్ద కృపారావు డేవిడ్‌రాజుకి అన్న. మర్నాడే గుమ్మంలోకి వచ్చాడు. "ఈ వయసులో ఇదేంటమ్మా? వీధిలో నవ్వుతారు."

"నవ్వనీండి బావగారూ. ఇన్నాళ్ళూ ఈ దుమ్ముకి అందరం నోరు మూసుకునే బతికాం. నవ్వడానికైనా తెరుస్తారు."

ఆయన వెళ్ళాక అరుగు మీద కూర్చుని తీగ మీటింది. అపస్వరమే వచ్చింది. అయినా రేకుల కప్పు మీది దుమ్ము దుప్పటిలా లేచి, గోడ దాటి, క్రషర్ వైపు సాగిపోయింది. ఎదురింటి రత్తమ్మ కరివేపాకు చెట్టు పచ్చబడటం చూసి కేకేసింది. "వదినా, దుప్పట్లు ఆరేస్తున్నా. కాస్త ఇటు తిరిగి వాయించు!"

అప్పట్నించీ రోజూ అంతే. బియ్యం చెరిగేవాళ్ళూ, వడియాలు పెట్టేవాళ్ళూ బేబి బడి నుంచి ఎప్పుడొస్తుందో కనుక్కుని పని మొదలుపెట్టేవాళ్ళు. పోయిన దుమ్మంతా క్రషర్‌లో కంకర గుట్టలకి అంటుకుని కంకర మళ్ళీ బండలయ్యేది. లోడెత్తి గేటు దగ్గర నిలబెట్టిన లారీలో ఒకే బండ తయారై, దాన్ని ఎలా దించాలో తెలియక డ్రైవరు తల పట్టుకున్నాడు. డేవిడ్‌రాజు దగ్గు మాత్రం తగ్గలేదు. గుండెల్లో దుమ్ము చాలా లోపలికి పోయింది, రూబెన్ ఇచ్చిన ఆ చిన్న ఆంప్లిఫయర్ మోత అందాకా పోవటంలేదు.

ఒకరోజు క్రషర్ యజమాని భవానీప్రసాద్ కారు వచ్చి ఇంటి ముందు ఆగింది. అతను దిగలేదు, అద్దం దించాడు.

"ఏమ్మా బేబీ, అదెంతకి కొన్నావో చెప్పు. రెండింతలిస్తా."

"అమ్మకానికి కాదండి."

"మీ ఆయన ఎన్నేళ్ళు నా ఉప్పు తిన్నాడో మర్చిపోయావా?"

"ఉప్పు తిన్నది నిజమేనండి. దానికి రెండింతలు దుమ్ము తిన్నాడు. అదీ మర్చిపోలేదు."

అద్దం పైకి లేచింది. ఆ సాయంత్రమే కాలనీకి కరెంటు పోయింది. కాలనీ తీగలు వచ్చేది క్రషర్ దగ్గరున్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచే. మర్నాడు కూడా రాలేదు. కరెంటు గిటార్ కరెంటు లేకుండా మోగదుగా. బేబి ఊరికే తీగలు మీటుతుంటే దోమ రొద లాగా వినిపించింది. దుమ్ము మళ్ళీ దిగి అన్నిటి మీదా కూర్చుంది. డేవిడ్‌రాజు ఆ పూట అన్నం ముద్ద కూడా మింగలేకపోయాడు.

"ఇచ్చెయ్యవే," అన్నాడు ఆయాసపడుతూ. "వాళ్ళతో మనకెందుకు?"

"ఇంకోసారి ఆ మాటంటే నీ ఎదురుగానే రోజంతా వాయిస్తా," అంది గానీ, లోపలికెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆదివారం ఆరాధన అవగానే కృపారావు చర్చి బీరువా తెరిచాడు. వీధి సువార్తకి వాడే మైకుసెట్టు, రెండు పెద్ద హారన్లు, లారీ బ్యాటరీ బయటికి తీయించి రిక్షాబండికి ఎక్కించాడు. బేబి నోరు తెరుచుకుని చూస్తుంటే, "వీధి కోసం కొన్నదేగా, వీధిలోనే పెడదాం," అన్నాడు ఎటో చూస్తూ. "తమ్ముడు రాత్రి దగ్గుతుంటే మా ఇంటికి వినపడిందమ్మా."

బండి తోసుకుంటూ క్రషర్ గేటు దాకా వెళ్ళారు. డేవిడ్‌రాజుని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. లోపల యంత్రాలు ఆడుతూనే ఉన్నాయి. బేబి గిటార్ భుజానికి తగిలించుకుంది, దాని వైరు మైకుసెట్టుకి కలిపింది, స్విచ్ తిప్పింది, గరగరమంది. రూబెన్ చూపించిన పట్టు పట్టి, చేతిలో ఉన్న బలమంతా పెట్టి కొట్టింది.

గేటు మీది రేకులు అదిరాయి. డేవిడ్‌రాజు ముందుకు వంగి దగ్గాడు. ముక్కులోంచి, నోట్లోంచి బూడిదరంగు దారం ఒకటి బయటికొచ్చి గేటు కమ్మీల మధ్యనుంచి లోపలికి సాగింది. బేబి మళ్ళీ కొట్టింది. దారం తెగకుండా వస్తూనే ఉంది. అతని భుజాలు నెమ్మదిగా దిగాయి. గుండెల నిండా ఊపిరి పీల్చి, తనే ఆశ్చర్యపోయినట్టు కాసేపు వదలకుండా ఉంచుకున్నాడు.

"గట్టిగా కొట్టవే," అన్నాడు.

లోపల పనివాళ్ళు ఒక్కొక్కరే బయటికొచ్చారు. ఎవరూ చెప్పకుండానే హారన్ల ముందు వరస కట్టారు. యంత్రం నడిపేవాడు కూడా మీట దించేసి వచ్చాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి పట్టపగలు క్రషర్ మోత ఆగిపోయింది. రత్తమ్మ తన మొగుడు కృష్ణయ్యని చెయ్యి పట్టుకుని తెచ్చి చివర నిలబెట్టింది.

అప్పుడొచ్చింది కారు, సరిగ్గా హారన్ల ఎదుటే ఆగింది. భవానీప్రసాద్ ఈసారి దిగాడు. "ఎవర్రా మిషను ఆపమంది?" అని అరవబోయాడు. తెరిచిన నోట్లోంచి మాటకి బదులు సన్నటి బూడిదరంగు దారం మొదలైంది. అతను కారు డోరు పట్టుకుని నిలబడిపోయాడు. మెడ నరాలు సడలాయి. చాలా కాలానికి ఊపిరి అడుగుదాకా వెళ్ళినట్టుంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

బేబి తీగల మీద అరచెయ్యి ఆనించింది. మోత ఆగింది. దారం సగంలో తెగింది.

"ఆపకమ్మా," అన్నాడు భవానీప్రసాద్. అతను అలా మెల్లగా మాట్లాడగా అక్కడెవరూ ఎప్పుడూ వినలేదు. "ఇంకాస్త వాయించు."

"వాయిస్తానండి," అంది బేబి. "మావాళ్ళు ముందొచ్చారు. మీరు వెనక నిలబడండి."

అతను వరసకేసి చూశాడు. ఎవరూ పక్కకి జరగలేదు, ఎవరూ తల దించలేదు. భవానీప్రసాద్ కారు డోరు వేసి, ఎండలో నడుచుకుంటూ వెళ్ళి కృష్ణయ్య వెనక నిలబడ్డాడు.